గడ్డం ఉన్న రాణి, ఒక రొట్టె గుర్తు

1829. ఈజిప్టులో లక్సర్ ఊరికి ఎదురుగా, నైలు నది పడమటి ఒడ్డున, కొండని ఆనుకుని డెయిర్ ఎల్-బహ్రీ అనే చోట ఒక పాత గుడి. దాని గోడల మీద ఒక రాజు బొమ్మ చూసి షాంపోలియన్ అనే ఫ్రెంచ్ పండితుడు ఆశ్చర్యపోయాడు. బొమ్మకి గడ్డం ఉంది. ఫారోలు వేసుకునే బట్టలే ఉన్నాయి. కానీ పక్కన చెక్కిన రాతలో మాటలు స్త్రీలింగంలో ఉన్నాయి. బొమ్మేమో "అతను" అంటోంది, రాతేమో "ఆమె" అంటోంది.

మన భాషలో ఇది ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఒక శాసనంలో అసలు పేరు చెక్కేసి, దాని మీద ఇంకో రాజు పేరు పెట్టారు. ఇప్పుడు అక్కడ "ఫలానా మహారాజు ఈ గుడి కట్టించింది" అని ఉంది. పేరు మార్చినవాళ్ళు క్రియని వదిలేశారన్నమాట. "కట్టించింది" అన్న ఒక్క మాట చాలు, అక్కడ ముందు ఎవరో ఒక ఆడమనిషి పేరు ఉండేదని తెలిసిపోవడానికి.

ఈజిప్టు భాషలో ఆ పని చేసేది ఒక బుల్లి గుర్తు. బోర్లించిన గిన్నెలా ఉంటుంది. నిజానికి అది రొట్టె బొమ్మ. చదివేటప్పుడు మాత్రం రొట్టె అని చదవం, 'త్' అని చదువుతాం. చాలా మాటల చివర ఈ 'త్' వస్తే అది స్త్రీలింగం. ఆ గుడి కట్టించిన మనిషి ఎవరో పూర్తిగా తేలడానికి షాంపోలియన్ తర్వాతి వాళ్ళకి చాలా ఏళ్ళు పట్టింది. కానీ అనుమానం మొదలైంది ఇలాంటి గుర్తుల దగ్గరే.

ఈజిప్టు చిత్రలిపి అనగానే మనకి మ్యూజియం, మమ్మీ, శాపం, హాలీవుడ్ సినిమా గుర్తొస్తాయి. నేను పోయిన సెమిస్టర్ సెలవుల్లో సరదాగా మొదలుపెట్టాను. ఇప్పటికీ కూడబలుక్కునే చదువుతాను. కానీ ఈ లిపిని కొంచెం నేర్చుకున్నా రాతి మీద ఏముందో నిజంగా చదవచ్చు. అదెలాగో ఆ రొట్టె గుర్తుని వెంటబెట్టుకుని చెప్తాను.

ముందు ఏ వైపు నుంచి చదవాలి?

ఈ లిపిని కుడి నుంచి ఎడమకీ రాస్తారు, ఎడమ నుంచి కుడికీ రాస్తారు, పై నుంచి కిందకీ రాస్తారు. గుడి గుమ్మానికి అటొకటి ఇటొకటి రాత ఉంటే, అందం కోసం రెండూ ఎదురెదురుగా అద్దంలో బొమ్మల్లా ఉంటాయి. మరి మనకెలా తెలుస్తుంది? మనుషులు, పక్షులు, జంతువుల మొహాలు చూడాలి. అవి వాక్యం మొదలయ్యే వైపు చూస్తుంటాయి. గుడ్లగూబ ఎడమకి చూస్తుంటే ఎడమ నుంచి చదవడం మొదలుపెట్టాలి. అంటే మనం వాటికి ఎదురెళ్ళాలి. అంతే.

రెండో విషయం, గుర్తులన్నీ ఒకే వరసలో నిలబడవు. చిన్నవి ఒకదాని మీద ఒకటి ఎక్కి చతురస్రాల్లా సర్దుకుంటాయి. ముందు పైది చదివి, తర్వాత కిందది చదవాలి. ఇంగ్లీష్ వాళ్ళకి ఇది కొత్తగా ఉంటుందేమో గానీ, "స్త్రీ" అని రాయడానికి స కింద త, పక్కన ర, పైన గుడి దీర్ఘం పెట్టే మనకి ఇదేం పెద్ద విషయం కాదు. కంప్యూటర్‌కి మాత్రం పెద్ద విషయమే. యూనికోడ్‌లోకి ఈ గుర్తులు 2009లో వచ్చాయి, మొత్తం 1071. కానీ వాటిని ఒకదాని కింద ఒకటి పేర్చమని చెప్పే కంట్రోల్ క్యారెక్టర్లు వచ్చింది 2019లో. అంటే పదేళ్ళు ఆ లిపికి అక్షరాలున్నాయి గానీ ఒత్తులు లేవన్నమాట!

బొమ్మలు కావు, శబ్దాలు

ఐరోపా పండితులు కొన్ని వందల ఏళ్ళు ఒకే గోడకి గుద్దుకున్నారు. గుడ్లగూబ బొమ్మ ఉంటే అది జ్ఞానానికి గుర్తు, పాము ఉంటే కాలానికి గుర్తు, ఈ ధోరణిలో ప్రతి బొమ్మకీ ఒక లోతైన అర్థం వెతికారు. 17వ శతాబ్దంలో కిర్షర్ అనే ఆయన ఇలాగే పుస్తకాలకి పుస్తకాలు రాశాడు. అసలు సంగతి చాలా మామూలుది. గుడ్లగూబ అంటే 'మ్'. నీటి అల అంటే 'న్'. నోరు అంటే 'ర్'. కొమ్ముల పాము అంటే 'ఫ్'. పిట్టపిల్ల అంటే 'వ్' లేదా 'ఉ'. రొట్టె అంటే 'త్'. ఇలా ఒక్కో హల్లుకి ఒక్కో గుర్తు చొప్పున సుమారు 24 ఉన్నాయి. వాటితో పాటు రెండు హల్లులకి ఒకే గుర్తు, మూడు హల్లులకి ఒకే గుర్తు కూడా ఉంటాయి. అన్నీ కలిపి బాగా వాడుకలో ఉన్న కాలంలో 700 నుంచి 800 దాకా. భయపడక్కర్లేదు, గోడల మీద మళ్ళీ మళ్ళీ వచ్చేవి ఓ వంద తెలిస్తే చాలా దూరం వెళ్ళొచ్చు.

అసలు చిక్కు అచ్చులతో. ఈ లిపిలో అచ్చులు రాయరు. గుణింతమే లేదు. మన తెలుగుని అలా రాస్తే ఎలా ఉంటుంది? "ప్ ల్" అని రాసి ఇస్తాను, చదవండి. పాలా? పూలా? పులా? పిల్లా? పల్లా? పల్లెటూరి పల్లె కూడా అవ్వచ్చు.

దీనికి వాళ్ళు కనిపెట్టిన ఉపాయం, మాట చివర ఇంకో బొమ్మ పెట్టడం. దాన్ని పలకరు, అది అర్థం చెప్పడానికి మాత్రమే. మన "ప్ ల్" పక్కన కుండ బొమ్మ పెడితే పాలు, మొక్క పెడితే పూలు, తోలు బొమ్మ పెడితే పులి. ఈ తోలు నేను కల్పించింది కాదు. తోకతో సహా ఉన్న జంతువు తోలు బొమ్మ వాళ్ళు నిజంగానే జంతువుల పేర్ల చివర పెడతారు. నడిచే కాళ్ళ బొమ్మ ఉంటే కదలికకి సంబంధించిన మాట. చుట్టిన కాగితం బొమ్మ ఉంటే కంటికి కనపడని విషయం, ఆలోచన లాంటిది.

ఇల్లు బొమ్మ మంచి ఉదాహరణ. పై నుంచి చూసిన గది ప్లాన్‌లా ఉంటుంది, ఒక వైపు గుమ్మం దగ్గర ఖాళీ. దాని శబ్దం 'ప్ ర్'. కింద ఒక నిలువు గీత ఉంటే ఇల్లు అనే అర్థం. అదే ఇల్లు కింద నోరు, పక్కన నడిచే కాళ్ళు ఉంటే "బయటికి వెళ్ళు". రెండో దాంట్లో ఇల్లు ఇల్లే కాదు, ఆ శబ్దం కోసం అరువు తెచ్చుకున్నారంతే. మరి కింద నోరెందుకు? 'ప్ ర్'లో 'ర్' ఉందని ఇంకోసారి గుర్తుచేయడానికి. డేటా పంపేటప్పుడు తప్పు రాకుండా ఎక్స్‌ట్రా బిట్ పెడతాం చూడండి, ఆ టైపు.

రాతి మీద చదివేటప్పుడు కళ్ళు బాగా పెట్టాలి. ఉదాహరణకి రెండు పిట్టలు దాదాపు ఒకేలా ఉంటాయి. తోక రెండుగా చీలి ఉంటే "గొప్ప" అని చదవాలి. తోక గుండ్రంగా ఉంటే అది చిన్నది, చెడ్డది అని చెప్పే గుర్తు. తోక దగ్గర రాయి పెచ్చు ఊడిపోయిందంటే గొప్పవాడో చెడ్డవాడో మిగతా వాక్యమే చెప్పాలి! బయటి గోడల మీద చాలావరకు గుర్తుని లోపలికి తవ్వుతారు, ఎందుకంటే ఎండ పడినప్పుడు అంచుల్లో నీడ పడి రాత స్పష్టంగా కనిపిస్తుంది. అందుకే అరిగిపోయిన రాతల మీద టార్చ్‌ని ఎదురుగా కాకుండా పక్క నుంచి వేస్తారు.

తాళం ఎలా తెరుచుకుంది?

ఇప్పటికి తెలిసినంతలో చిట్టచివరి చిత్రలిపి శాసనం ఫిలే గుడిలో ఉంది, తేదీ 394 ఆగస్టు 24. ఆ తర్వాత 1400 ఏళ్ళ పైన ఈ గోడల్ని చదవగల మనిషి భూమ్మీద లేడు.

1799లో రోసెట్టా రాయి దొరికింది. క్రీ.పూ. 196 నాటి ఒకే ఆజ్ఞ దాని మీద చిత్రలిపిలో, డెమోటిక్ అనే వాడుక లిపిలో, గ్రీకులో ఉంది. గ్రీకు అందరికీ తెలుసు. మన క్రిప్టోగ్రఫీ సబ్జెక్టులో చెప్పే నోన్ ప్లెయిన్‌టెక్స్ట్ అటాక్ ఇదే. అర్థం తెలిసిన మెసేజ్, దాని కోడ్ రూపం, రెండూ చేతిలో ఉన్నాయి. రాజుల పేర్ల చుట్టూ కోడిగుడ్డులా సాగిన ఒక గీత గీస్తారు. దాన్ని కార్టూష్ అంటారు, ఫ్రెంచ్‌లో తూటా అని అర్థం. ఇంగ్లండ్‌కి చెందిన థామస్ యంగ్ రోసెట్టా రాయి మీది కార్టూష్‌లో టోలెమీ అనే పేరు ఉందని చెప్పి, కొన్ని శబ్దాలు సరిగ్గా పట్టుకున్నాడు. కానీ ఒక్క పేరుతో ఏం రుజువవుతుంది?

రెండో పేరు ఫిలే నుంచి ఇంగ్లండ్‌కి తెచ్చిన ఒక స్తంభం మీద దొరికింది. క్లియోపాత్రా. సినిమాల్లో చూసే ఆవిడ కాదు, అదే వంశంలో ఇంకా ముందు తరం రాణి. ఇప్పుడు రెండు పేర్లూ పక్కపక్కన పెట్టండి. టోలెమీ పేరు ఈజిప్టు రాతలో ప్-త్-ఓ-ల్-మ్-య్-స్. ఇందులో సింహం నాలుగోది, అది 'ల్'. క్లియోపాత్రాలో సింహం రెండోది, సరిగ్గా 'ల్' ఉండాల్సిన చోట. టోలెమీలో మొదటి గుర్తు పీట, 'ప్'. క్లియోపాత్రాలో పీట ఐదోది, క్-ల్-ఇ-ఓ-ప్, సరిపోయింది. తాడు ముడి 'ఓ', అది కూడా సరిపోయింది. ఒక్క 'త్' మాత్రం కుదరలేదు. టోలెమీలో రొట్టె ఉంది, క్లియోపాత్రాలో చెయ్యి ఉంది. షాంపోలియన్ దీన్ని చూసి ఆగిపోలేదు. ఒకే శబ్దానికి రెండు గుర్తులు ఉండొచ్చు కదా అనుకున్నాడు. మరి రొట్టె క్లియోపాత్రా పేరులో అసలు లేదా? ఉంది. పేరు మొత్తం అయిపోయాక, చివర, గుడ్డు బొమ్మతో కలిసి. అక్కడ దాని పని వేరు. ఈ పేరు ఆడవాళ్ళది అని చెప్పడం.

అయితే ఇవి గ్రీకు పేర్లు. విదేశీ పేర్లు కాబట్టి శబ్దాలతో రాశారు, పాత ఈజిప్టు రాత మాత్రం బొమ్మల భావాలే అని ఎవరైనా వాదించొచ్చు. 1822 సెప్టెంబర్‌లో ఆయన ఇంకా పాత కార్టూష్‌లు చూశాడు. ఒకదాంట్లో సూర్యుడు, తర్వాత 'మ్ స్' అనే గుర్తు, తర్వాత 'స్', 'స్'. ఈజిప్టు క్రైస్తవులు ప్రార్థనల్లో వాడే కాప్టిక్ భాష ఆయనకి బాగా వచ్చు. అది పాత ఈజిప్టు భాషకి కూతురు లాంటిది. ఆ భాషలో సూర్యుడు 'రే'. రా-మెస్-సెస్. రామ్సెస్! గ్రీకుల కంటే వెయ్యేళ్ళ ముందు రాజు కూడా శబ్దాలతోనే పేరు రాసుకున్నాడు. 1822 సెప్టెంబర్ 27న పారిస్ అకాడమీలో తన ఉత్తరం చదివాడు. మనం ఇప్పుడు నేర్చుకునేది అక్కడి నుంచే మొదలైంది.

నాకు ఇందులో నచ్చేది ఏంటంటే, లిపి విప్పడానికి లిపి మాత్రమే సరిపోలేదు. ఇంకా ఎవరో ఆ భాషని గుళ్ళో, నోటితో బతికించి ఉంచారు కాబట్టి పని జరిగింది.

మొదట చదవాల్సినవి

కొత్తగా నేర్చుకునేవాళ్ళకి రాజుల పేర్లు బెస్ట్, ఎందుకంటే గీత గీసి మరీ చూపిస్తారు. మూడో తుత్మోస్ సింహాసనం పేరులో మూడే గుర్తులు. సూర్యుడు, ఆట పలక, పేడపురుగు. రా, మెన్, ఖెపెర్. కానీ చదివేటప్పుడు "మెన్-ఖెపెర్-రా" అంటాం. దేవుడి పేరు ఎక్కడ పలికినా రాతలో ముందు పెట్టాలి, అది మర్యాద. టుటన్‌ఖామున్ పేరు కూడా అంతే. కార్టూష్‌లో మొదట ఆమున్ దేవుడు ఉంటాడు. తర్వాత రొట్టె, పిట్టపిల్ల, రొట్టె, అంటే త్-ఉ-త్. చివర 'అంఖ్', ప్రాణం గుర్తు. ఇక నుంచి ఆ పేరు ఎక్కడ కనపడినా మీకు రెండు రొట్టెల మధ్య పిట్ట కనిపిస్తుంది, గ్యారంటీ.

తర్వాత సమాధి రాళ్ళు. వాటి మీద దాదాపు ఒకే ఫార్ములా ఉంటుంది. "హోతెప్ ది నెసు" అని మొదలవుతుంది, రాజు ఇచ్చే నైవేద్యం అని అర్థం. ఒసిరిస్ దేవుడి పేరు వస్తుంది, తర్వాత రొట్టెలు, బీరు, ఎద్దులు, బాతుల్లాంటి పక్షులు, బట్టలు. అన్నీ ఫలానా మనిషి 'కా'కి, అంటే అతని ప్రాణశక్తికి అందాలి అని ముగుస్తుంది. టెంప్లేట్ ఒకటే, వేరియబుల్ ఒక్కటే మారుతుంది, ఆ మనిషి పేరు. కొన్ని రాళ్ళు ఇంకో అడుగు ముందుకేసి దారిన పోయేవాళ్ళనే పిలుస్తాయి. మీరేమీ ఇవ్వక్కర్లేదు, ఈ మాటలు నోటితో పైకి చదవండి చాలు, నాకు అందుతుంది అని అడుగుతాయి.

పేరు అన్న మాటని వాళ్ళు 'రెన్' అంటారు. రెండే గుర్తులు, పైన నోరు, కింద నీటి అల. మనిషికి శరీరం, ప్రాణం ఎలాగో పేరు కూడా అలాగే ఒక భాగం అని నమ్మారు. నలుగురి నోళ్ళలో పేరు ఆడినంత కాలం ఆ మనిషి ఉన్నట్టే. మరి పేరు చెక్కేస్తే?

మళ్ళీ గడ్డం ఉన్న రాణి దగ్గరికి

డెయిర్ ఎల్-బహ్రీలో చెక్కేసిన పేరు హత్షెప్సుత్. రెండో తుత్మోస్ భార్య. భర్త చనిపోయాక సవతి కొడుకు మూడో తుత్మోస్ ఇంకా చిన్నపిల్లాడు. మొదట అతని తరఫున పాలించింది, తర్వాత తనే ఫారో అయింది. క్రీ.పూ. 15వ శతాబ్దంలో సుమారు 20 ఏళ్ళు. ఫారో అంటే బొమ్మల్లో ఒకే రూపం ఉంది, మగ రూపం. అందుకే గడ్డం. కానీ చాలా చోట్ల రాతలో మాత్రం తన గురించి స్త్రీలింగంలోనే రాయించుకుంది.

ఇది గోడ మీద ఎలా కనిపిస్తుందో చెప్తాను. రాజు పేరుకి ముందు ఒక బాతు, ఒక సూర్యుడు ఉంటాయి. బాతు అంటే 'సా', కొడుకు. "సా రా", సూర్యుడి కొడుకు. హత్షెప్సుత్ రాతల్లో బాతు దగ్గర ఒక చిన్న రొట్టె ఉంటుంది. "సాత్ రా", సూర్యుడి కూతురు. అలాగే "అతని" అనడానికి కొమ్ముల పాము రావాల్సిన చోట 'స్' శబ్దం ఉన్న తలుపు గడియ వస్తుంది, అది "ఆమె". రొట్టె, గడియ. ఇంట్లో వస్తువుల్లాంటి రెండు గుర్తులు.

ఆమె చనిపోయిన చాలా ఏళ్ళకి, మూడో తుత్మోస్ పాలన చివర్లో, ఆమె పేర్లు చెక్కేసి తండ్రి పేరో భర్త పేరో పెట్టారు. విగ్రహాలు పగలగొట్టి గుడి దగ్గరే గుంటల్లో పడేశారు. ఎందుకు అన్నదాని మీద పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. పగ అని కొందరు, వారసత్వం లెక్క సరిచేయడానికి అని కొందరు. కారణం ఏదైనా, వాళ్ళ నమ్మకం ప్రకారం అది మనిషిని రెండోసారి చంపడం. ఉలి పట్టుకున్నవాళ్ళు పెద్దవన్నీ చూసుకున్నారు, కార్టూష్‌లు, మొహాలు, కిరీటాలు. వ్యాకరణం జోలికి మాత్రం అన్ని చోట్లా వెళ్ళలేదు. అక్కడక్కడా రొట్టెలు మిగిలిపోయాయి. 3000 ఏళ్ళ పైన అవి అలాగే ఉన్నాయి, చదివేవాళ్ళు రావాలి అంతే.

మనలో చాలామందికి లిపి అంటే పరీక్షలో రాసే విషయం, లేదా ఫోన్ కీబోర్డులో ఒక సెట్టింగ్. నాకు తెలుగు లిపే ఆలస్యంగా, బస్సు బోర్డులతో అలవాటైంది. ఒత్తు ఉన్నా లేకపోయినా అర్థమైపోతుందిలే అనుకునేవాళ్ళం. కానీ ఒక మనిషి ఉందో లేదో చెప్పగలిగేది ఒక్కోసారి ఆ చిన్న గుర్తే.

మీ అక్కో, అన్నయ్యో, బాబాయి వాళ్ళో న్యూయార్క్ దగ్గర ఉంటే వాళ్ళకి ఒక పని చెప్పండి. సెంట్రల్ పార్కులో మెట్రోపాలిటన్ మ్యూజియం వెనక ఒక పెద్ద రాతి స్తంభం ఉంది. "క్లియోపాత్రా సూది" అంటారు గానీ ఏ క్లియోపాత్రాకీ సంబంధం లేదు, అది మూడో తుత్మోస్ నిలబెట్టించింది. సూర్యుడు, ఆట పలక, పేడపురుగు వెతకమనండి. దొరికాక మ్యూజియం లోపలికి వెళ్ళమనండి. గుంటల్లోంచి తీసి ముక్కలు అతికించిన హత్షెప్సుత్ విగ్రహాలు అక్కడే ఉన్నాయి. కొడుకు బయట, సవతి తల్లి లోపల, మధ్య కొన్ని నిమిషాల నడక. మగ ఫారో దుస్తుల్లో కూర్చున్న ఒక తెల్ల రాతి విగ్రహం ఉంటుంది. దాని సింహాసనం మీది రాతలో బాతుని వెతికి, పక్కన రొట్టె ఉందేమో చూడమనండి.

ఉంటుంది. అప్పుడు ఆ పేరు ఒకసారి పైకి చదవమనండి.